సారు సంతకం

"నువ్వే రాసుకో, నేను సంతకం పెడతాను" అన్నారు పెద్దసారు, ఒక కాలు బూటులో, ఒక కాలు బయట పెట్టుకుని.

"సార్, అది మీరు నా గురించి రాయాల్సిన ఉత్తరం. నన్ను నేనే ఎలా పొగుడుకుంటాను?"

"నీ గురించి నాకంటే నీకే బాగా తెలుసు కదా! నాలుగున్నరకల్లా వచ్చేస్తాను, సిద్ధంగా ఉంచు." రెండో బూటు కూడా తొడుక్కుని ఆయన సైటుకి వెళ్లిపోయారు.

ఒక పేరున్న కాలేజీలో ఆర్కిటెక్చర్ పైచదువుకి అప్లికేషన్లు ఆ సాయంత్రం ఐదింటికి మూసేస్తారు. ఆ ఆఫీసులో జూనియర్‌గా ఉన్న అమ్మాయి ఆర్నెల్లుగా దానికోసమే బతుకుతోంది. గీసిన బొమ్మలన్నీ ఒక పుస్తకంగా పేర్చింది. అట్టముక్కలతో మోడళ్లు చేసి వేళ్లన్నీ కోసుకుంది. ఇక పనిచేసేచోట పెద్దవాళ్లు ఇచ్చే సిఫారసు ఉత్తరం ఒక్కటే మిగిలింది. అది లేకపోతే మిగతావన్నీ చిత్తుకాగితాలే.

పెద్దసారు చెడ్డమనిషేం కాదు. కాకపోతే ఏదీ చదవరు. చదవకుండానే సంతకం పెడతారు. కిందటి నెల ఒక రెండంతస్తుల ఇంటి ప్లాను మీద అలాగే పెట్టేశారు. పైఅంతస్తు లేచాక మేస్త్రి ఫోన్ చేసి, "అయ్యా, అంతా బాగానే ఉంది గానీ, పైకి ఎక్కేదెలాగండీ?" అని అడిగేదాకా అందులో మెట్లు లేవని ఎవరూ చూసుకోలేదు.

అమ్మాయి గంటసేపు తల పట్టుకుని కూర్చుని ఒక్క వాక్యం రాసింది. పక్కబల్ల నుంచి స్కేలు బాబాయ్ తొంగిచూశాడు. ఆఫీసులో అందరికంటే పాత డ్రాఫ్ట్స్‌మన్ ఆయనే. చొక్కాజేబులో స్కేలు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు.

"ఈ అమ్మాయి రోజూ వేళకి ఆఫీసుకి వస్తుంది..." అని పైకి చదివాడు. "ఏమిటే ఇది? వాచ్‌మన్ ఉద్యోగానికా?"

"మరేం రాయను బాబాయ్? సిగ్గుగా ఉంది."

"నిన్ను పొగుడుకోడానికి సిగ్గయితే ముందు సార్ని పొగుడు. చెప్పేవాడు గొప్పవాడని తెలిస్తేనే కదా కాలేజీవాళ్లు ఆయన చెప్పింది నమ్మేది!"

సలహా అమ్మాయికి నచ్చింది. ఇక వేళ్లు ఆగలేదు. "నా దగ్గరికి వచ్చే ప్రతి జూనియర్‌నీ పక్కన కూర్చోబెట్టుకుంటాను. గోడ గీసేముందు, ఆ గోడకి ఆనుకుని కూర్చునే మనిషి గురించి ఆలోచించమంటాను. కిటికీ పెట్టేముందు, అందులోంచి ఎవరు ఎవరికోసం చూస్తారని అడుగుతాను..."

బాబాయ్ నోరు తెరిచాడు. "సారు ఈ మాటలు ఎప్పుడన్నాడే?"

"అనలేదు. అనుంటే బాగుండేదని రాశాను. రెండేళ్లలో ఆయన నాకు నేర్పింది ఏసీ రిమోట్ ఎక్కడ పెట్టాలో ఒక్కటే."

ఒకటిన్నర పేజీ సారు గొప్పతనానికే సరిపోయింది. అమ్మాయికి చివర్లో మూడు లైన్లు మిగిలాయి. ఎలా ఉందో చూడమని ఇంటికి పంపితే, అమ్మ వెంటనే ఫోన్ చేసి, "ఎంత దేవుడే మీ సారు! ఆయన గురించి ఒక్కరోజైనా మంచిగా చెప్పావా నువ్వు?" అని ముక్కు చీదుకుంటూ చీవాట్లు పెట్టింది.

నాలుగున్నర దాటాక సారు వచ్చారు. ఒంటికాలి మీద నిలబడి బూటు విప్పుకుంటూనే, కాగితాన్ని గోడకి ఆనించి సంతకం గీకేశారు. ఐదుకి రెండు నిమిషాలుండగా అప్లికేషన్ వెళ్లింది.

నెల తర్వాత జవాబు వచ్చింది. సీట్లన్నీ నిండిపోయాయట. వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు అమ్మాయిదట. ఆమె కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి.

"మొదటిదేగా, ఎవరో ఒకరు మానేస్తార్లే" అన్నాడు బాబాయ్, తనకే నమ్మకం లేని గొంతుతో.

అంతలో సారు తన గదిలోంచి గెంతులేసుకుంటూ వచ్చారు. చేతిలో ఒక కాగితం.

"చూశారా! ఆ కాలేజీవాళ్లు నన్ను పాఠాలు చెప్పడానికి రమ్మంటున్నారు! నా ఉత్తరం చదివి కమిటీలో ఇద్దరు కళ్లనీళ్లు పెట్టుకున్నారట. ఇలాంటి గురువుకోసమే ఇన్నాళ్లూ వెతుకుతున్నారట. నేను అంత బాగా రాస్తానని నాకే తెలీదు సుమా!"

బాబాయ్ జేబులోంచి స్కేలు తీసి గట్టిగా పళ్లతో కరిచిపట్టుకున్నాడు. అమ్మాయికి ఒళ్లు మండిపోయింది.

"వెళ్తారా సార్?"

"వెళ్లకేం! ఎన్నాళ్ల కోరికో! ఇవాళే జవాబివ్వాలి. ఆ ముక్కేదో నువ్వే రాసెయ్, నేను సంతకం పెడతాను."

అమ్మాయి కళ్లు తుడుచుకుంది. కుర్చీ ముందుకి లాక్కుని రెండంటే రెండే వాక్యాలు టైపు చేసి కాగితం తెచ్చి ఇచ్చింది.

"ఒకసారి చదువుతారా సార్?"

"నువ్వు రాశాక చదివేదేముందమ్మా!" అంటూ సారు దాన్ని గోడకి ఆనించి బరబరా సంతకం పెట్టేశారు.

మొదటి వాక్యం, "మీ పిలుపుకి ఎంతో సంతోషం, తప్పకుండా వస్తాను." రెండో వాక్యం, "అయితే మీ వెయిటింగ్ లిస్టులో మొదటి పేరున్న అమ్మాయికి సీటిచ్చేదాకా మీ కాలేజీ మెట్లు ఎక్కను."