రేపొస్తనన్నడు సార్

“ఈ నంబర్‌కు ఫోన్ చెయ్యమ్మా. పరశురాం అని, రేపు ఇంటర్వ్యూకు రానంటున్నడు. వచ్చేటట్టు ఒప్పియ్యాలె. రిక్రూటింగ్ కోఆర్డినేటర్ పనంటే గిదే,” అన్నాడు శ్యామ్‌సుందర్, నవత ముందుకు ఫోన్ జరుపుతూ.

నవత చూపు ఫోన్ మీద లేదు, ఆయన డ్రాయర్ మీద ఉంది. పదో తరగతి మెమో నుంచి డిగ్రీ దాకా తన ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ అందులో పడ్డాయి. అవి లేకపోతే ఇంకే ఆఫీసు వాళ్లూ గడప తొక్కనివ్వరు. “వెరిఫికేషన్‌కమ్మా” అని నవ్వుతూ అడిగితే కాదనడానికి నోరు రాలేదు. ఉద్యోగం కావలసినవాళ్లకు ఆ నోరు ఎప్పుడూ రాదు.

ఇదే ఉద్యోగం కోసం ఆమెకంటే ముందు లోపలికి వెళ్లిన ప్రణవి ఇట్టే బయటికొచ్చి, ఫైలు చంకలో పెట్టుకుని, “నన్ను తీస్కోలే” అంటూ మెట్లు దిగిపోయింది. పైకి పాపం అన్నా, పోటీ తగ్గిందని నవత లోలోపల సంబరపడింది.

నంబరు నొక్కింది.

“హలో, పరశురాం గారా? అబిడ్స్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్న. రేపు ఇంటర్వ్యూకు...”

“చెల్లె,” అవతలి గొంతు అడ్డం తగిలింది. “నువ్వు గాడ కొత్తగ వచ్చినవా? ఒరిజినల్స్ ఇచ్చినవా?”

ఎదురుగా శ్యామ్‌సుందర్ కన్నార్పకుండా చూస్తున్నాడు.

“ఔనండి.”

“అయితే మునిగినవ్. గా సారు మల్ల ఇయ్యడు. పని మానేస్త అంటే, నీ జాగల ఇంకొకరిని తెచ్చి పెట్టు అంటడు. ఎట్లనన్న జేసి తీస్కొని బయటపడు.”

ఫోన్లో బస్సు హారన్ మోగింది. కిటికీ బయటా మోగింది. అబిడ్స్‌లో హారన్లకు కరువా, నవత పట్టించుకోలేదు.

“చాలా మంచి కంపెనీ అండి. ఫికర్ చెయ్యకుండ్రి,” అంది, మొహాన నవ్వు పులుముకుని.

ఫోన్ పెట్టేసింది. విన్నది చెబితే ఈయనకు కోపమొస్తుంది, ఆ డ్రాయర్ ఇక తెరుచుకోదు. ముందు మనిషిని మంచి చేసుకోవాలి. జిరాక్స్ తీయించుకొస్తానని కాగితాలు అడిగి తీసుకోవాలి. ఇక నాంపల్లి స్టేషన్ దాకా వెనక్కి తిరిగి చూడకూడదు.

“ఏమన్నడు?”

“రేపొస్తనన్నడు సార్.”

“ఇంకేం అనలే?”

“కంపెనీ గురించి మంచిగ విన్న అన్నడు సార్.”

శ్యామ్‌సుందర్ ముఖం వెలిగిపోయింది. డ్రాయర్‌కు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. “పరశురాం, ఇగ రా,” అని పక్కగదిలోకి కేకేశాడు.

ఫోన్ చేతిలో పట్టుకుని ఓ నడివయసు మనిషి వచ్చి, తలొంచుకుని నిలబడ్డాడు.

“నువ్వు సెలెక్ట్ అయినవమ్మా. ప్రణవికి గూడ గిదే టెస్ట్ పెట్టినం. ‘మీరు సర్టిఫికెట్లు వాపస్ ఇయ్యరట కద సార్’ అని మొహం మీదనే అడిగింది. గసొంటోళ్లు మాకు పనికిరారు. కాగితాలు చేతుల పెట్టి పంపిన. నీలెక్క నవ్వు చెదరకుండ చెప్పెటోళ్లు గావాలె,” అంటూ శ్యామ్‌సుందర్ చాయ్ చెప్పడానికి బయటికి వెళ్లాడు.

నవత కుర్చీలో వెనక్కి వాలింది. ఇదంతా టెస్టా? పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. నవ్వు కూడా వచ్చింది.

“ఎంత భయపెట్టినవ్ అన్నా. మస్తు యాక్టింగ్ జేసినవ్.”

పరశురాం తాళం వేసిన డ్రాయర్ వైపు చూశాడు.

“యాక్టింగ్ కాదు చెల్లె. అండ్ల నీ సర్టిఫికెట్ల కిందున్నయి నావే.”