నాలుగో పళ్లెం

"వెన్న ఇప్పుడే వెయ్యకు. ముందుగాల పెనం పొగలు రావాలె," వంటింటి గడప అవతలి నుంచి చెప్పాడు ఫిలిప్.

"గీ మాట చెప్పుడు మూడోసారి. లోపలికొచ్చి నువ్వే చెయ్యరాదు?" అంది భార్య రెబెకా.

అన్నాక నాలుక కరుచుకుంది.

దోహాలో ఒక హోటల్లో ఎనిమిదేళ్లు వంట చేసినవాడు ఫిలిప్. ఆ వంటింట్లో మంటలు లేచిన రోజు నుంచి పొయ్యి దగ్గరికి రాడు. ఆరేళ్లయింది. ఇప్పుడు మందమర్రిలో బట్టల దుకాణంలో పని.

ఆ రోజు పొగలో స్పృహ తప్పిన ఫిలిప్‌ను బయటికి లాక్కొచ్చాడని అందరూ చెప్పే హోటల్ నేస్తం అరుణ్‌కుమార్, సెలవు మీద సుల్తానాబాద్ వచ్చాడు. ఇవాళ భోజనానికి వీళ్లింటికి వస్తున్నాడు.

తన ఇంటిని నిలబెట్టిన మనిషి. ఆయనకు పెట్టే ఒక్క పూట భోజనంలో ఏ లోటూ ఉండకూడదనుకుంది రెబెకా.

స్టేక్ చేయడానికి హైదరాబాద్ నుంచి ఐసుపెట్టెలో పెద్దకూర, అదే ఎద్దుమాంసం, తెప్పించారు. మేలురకం. రెండు వేళ్ల మందాన మూడు ముక్కలు. ఆయనకొకటి, వీళ్లకు చెరొకటి. వెల్లుల్లి, కొత్తిమీర, మిరియాల పొడి, నిమ్మతొక్కు తురుము కలిపిన వెన్నను నిన్ననే చుట్టలా చుట్టి ఫ్రిజ్‌లో పెట్టింది.

"గింత మందం ముక్క లోపల ఉడుకుతదా?"

"ఉడకొద్దు, కాలాలె. నడుమ జర ఎర్రగనే ఉండాలె."

"మీ అవ్వ చూస్తే, నా కొడుక్కు పచ్చిది పెడుతున్నవా అని గరిటె తీసుకుంటది."

ఫిలిప్ నవ్వాడు. అంతలో వాకిట్లో కారు ఆగింది.

అరుణ్‌కుమార్ దిగుతూనే ఫిలిప్‌ను గట్టిగా కావలించుకున్నాడు. కారు నడిపినాయన గేటు దగ్గరే నిలబడ్డాడు. యాభై ఏళ్లుంటాయి. ఎండలోనూ నిండు చేతుల చొక్కా, గుండీలు పెట్టుకుని.

"మీరు మాట్లాడుకోండ్రి. నేను జర ఈడ్నే కూసుంట," అన్నాడు.

కాసేపటికి అరుణ్‌కుమార్ ఫోన్ మాట్లాడుతూ డాబా ఎక్కాడు. ఈలోపు డ్రైవర్‌కు పెట్టేస్తే ఒక పని అయిపోతుందనుకుంది రెబెకా. స్టీలు పళ్లెంలో అన్నం, టమాట పప్పు వేసి అరుగు మీద పెట్టింది.

"ఫిలిప్ తమ్ముడు మంచిగ తింటుండా బిడ్డా?" అడిగాడాయన.

"ఆఁ, తింటడు."

"నిద్రవోతుండా?"

"నీకెందుకయ్యా గవన్నీ? సల్లారిపోతది, తిను."

ఆయన తలవంచుకుని తిన్నాడు.

పెనం పొగలు కక్కింది. మూడు ముక్కలూ వేసింది. చుయ్‌మన్నాయి. మూడు నిమిషాలకు తిప్పింది. చక్కటి బెల్లం రంగు.

"ఇగ వెన్న," అన్నాడు గడప అవతల ఫిలిప్.

చుట్ట మొత్తం వేసేసి, స్పూనుతో ముక్కల మీద పోయడానికి పెనం వంచింది. కరిగిన వెన్న అంచు దాటింది. మంట భగ్గున ఆమె మొహం ఎత్తుకు లేచింది.

"యేసయ్యా!"

ఫిలిప్ లేడు. పెరట్లోకి పరుగెత్తి, బట్టలుతికే బండ పక్కన చెవులు మూసుకుని కూలబడ్డాడు.

అరుగు మీదున్నాయన ఎప్పుడు వచ్చాడో, ఆమెను పక్కకు నెట్టి, మూత తీసి పెనం మీద బోర్లించాడు. గ్యాస్ కట్టేశాడు. చేయి చాచినప్పుడు చొక్కా పైకి జరిగింది. మణికట్టు దాకా ముడతపడ్డ, ప్లాస్టిక్‌లా మెరిసే చర్మం.

"వెన్న ఏసేటప్పుడు మంట తగ్గించాలె బిడ్డా."

భయం, సిగ్గు రెండూ కలిసి కోపమై వచ్చాయి రెబెకాకు.

"చెప్పకుంట వంటింట్లకే వస్తవా? బయటికి నడువయ్యా!"

"తప్పయింది."

ఆయన పెరటి గుమ్మంలోంచి ఫిలిప్‌ను కొంచెంసేపు చూశాడు.

"గిప్పటికీ గింత భయమా..." అనుకుంటూ వెళ్లిపోయాడు.

నయం, ముక్కలు పాడవలేదు. ఐదు నిమిషాలు కదపకుండా ఉంచి, మూడు పళ్లేల్లో సర్దింది. మొహం కడుక్కుని ఫిలిప్ వచ్చి కూర్చున్నాడు. డాబా దిగి అరుణ్‌కుమార్ వచ్చాడు.

"అబ్బా, మన హోటల్ వాసన!" అని కుర్చీ లాక్కున్నాడు. పళ్లేలు చూసి ఆగాడు.

"మూడే పెట్టినవేంది చెల్లె? మైసన్నకు?"

"డ్రైవర్‌కా అన్నా? ముందుగల్నే పెట్టిన. పప్పన్నం తిన్నడు."

అరుణ్‌కుమార్ కుర్చీ వెనక్కి నెట్టాడు.

"నాకు డ్రైవర్ ఏడికెల్లి వచ్చిండు? నడుము నొస్తుందంటే నా కారు తోలిండు గంతే!"

లేచి బయటికి ఉరికాడు. వీళ్లూ వెనకే వెళ్లారు.

కారు అక్కడే ఉంది. అరుగు మీద తాళంచెవి, దాని పక్కన కడిగి బోర్లించిన స్టీలు పళ్లెం. వీధి చివరి దాకా ఎవరూ లేరు.

"ఎవరన్నా గాయన?" అడిగాడు ఫిలిప్.

"మన హోటల్ వెనుక గదిల గిన్నెలు కడిగేటోడు. చేరి నాలుగు రోజులే, నువ్వు చూడలే. వీసా లేకుండ దాక్కొని పనిచేసేది. పేరు బయటవడితే జైలని నా పేరు చెప్పినం. గియ్యాల్ల తినేటప్పుడు నీకు అసలు ముచ్చట చెప్దామని బతిమాలి తోలుకొచ్చిన."

"ఏం ముచ్చట?"

అరుణ్‌కుమార్ అరుగు మీది తాళంచెవి చేతిలోకి తీసుకున్నాడు.

రెబెకా ఆ బోర్లించిన పళ్లెం వైపే చూస్తోంది.

"అన్నా... గాయన చేతులకు ఏమైంది?"

"ఫిలిప్‌ను పొగలకెల్లి గుంజుకొచ్చిననాడు కాలినయి చెల్లె."