సొంత గ్లాసు

“పిల్ల తల్లి రావాలి మామ్మా. మీ మాట రాసుకోవడానికి వీల్లేదు.”

ముసలామె కుర్చీ వదల్లేదు. “పక్కనుండి చూసినదాన్ని నేనే కదమ్మా. నా కూతురి గొంతులోకి దిగిన ప్రతి చుక్కా నాకు తెలుసు.”

“తెలిసినా సరే. కడుపున మోసిన మనిషే చెప్పాలి. ఐదు దేశాలవాళ్ళు కలిసి చేస్తున్న పరిశోధన ఇది. అందరికీ ఒకటే పద్ధతి.”

“పద్ధతులకేం తక్కువ లేదు,” అని గొణుక్కుంటూ ముసలామె మనవరాలి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

సర్వే అమ్మాయి తర్వాతివాళ్ళను పిలిచింది. ముగ్గురు లోపలికి వచ్చారు. ఒక ఆడమనిషి, ఆమె భర్త, ఏడేళ్ళ పిల్లవాడు. వాడికి వయసుకు తగ్గ ఎత్తు లేదు. నుదుటి మీద చిన్న తెల్ల కాగితపు చుక్క ఉంది. ఫొటోలో ముఖం కొలవడానికి పక్క గదిలో అంటించారు. కళ్ళ వెడల్పు, పై పెదవి మందం, అన్నీ ఆ చుక్కతో పోల్చి లెక్క తీస్తారు. కడుపుతో ఉన్న తల్లి మద్యం తాగితే బిడ్డ మెదడుకు దెబ్బ తగులుతుంది. కొందరు పిల్లల్లో అది ముఖం మీద కూడా తెలుస్తుంది.

“ముఖం కొలతలు సరిపోయాయి,” అంది అమ్మాయి. “ఇక మీ మాటే మిగిలింది. అదీ కుదిరితే మూడేళ్ళు ఇక్కడ ఇలాంటి పిల్లలకు చెప్పే టీచరమ్మ దగ్గర చదువుకుంటాడు.”

ఆమె తలూపింది. ఇప్పటికి రెండు బళ్ళు వాణ్ణి పంపించేశాయి. నిన్న నేర్చుకున్న అక్షరం ఇవాళ వాడికి కొత్తది. కోపం వస్తే తల గోడకేసి బాదుకుంటాడు. ఇక్కడా కాదంటే ఇక తీసుకెళ్ళడానికి చోటు లేదు.

“ఇంకోసారి ఆలోచించుకో,” అన్నాడు భర్త మెల్లగా. “రేపు వీధిలో తలెత్తుకు తిరగలేవు.”

“దించుకునే తిరుగుతాలే. గోతులైనా కనబడతాయి.”

“గ్లాసు తెచ్చారా?” అడిగింది అమ్మాయి.

ఒక్కో దేశంలో ఒక్కో రకం గ్లాసు. అందుకని ఎవరి సొంత గ్లాసు వాళ్ళు తెచ్చి, తాగినంత మేరకు నీళ్ళు పోసి చూపించాలి. ఆమె సంచిలోంచి పాత తువ్వాలు తీసి విప్పింది. అంచు చిట్లిన గాజు గ్లాసు.

“ఇన్నేళ్ళూ దాచుకున్నారా?” అమ్మాయి వద్దనుకున్నా గొంతులో వెటకారం పలికింది.

“పారేయబుద్ధి కాలేదు.”

ఆమె జగ్గు అందుకుని పోసింది. సగానికి రెండు వేళ్ళు తక్కువగా ఆపింది. మళ్ళీ వంపలేదు, కలపలేదు.

“బాగానే గుర్తుందే!”

“రోజూ చూసిందే కదా తల్లీ.”

అమ్మాయి ఆ నీళ్ళను కొలపాత్రలో పోసి రాసుకుంది. “రోజుకి ఒకటేనా?”

“పనికి పోయే ముందు ఒకటి. వచ్చాక ఒకటి.”

“ఏం పని?”

“చేపల గోడౌను. పొద్దస్తమానం ఐసులో చేతులు. ఇది పడకపోతే వేళ్ళు వంగవు. అక్కడ ఆడవాళ్ళందరికీ అలవాటే.”

“కడుపుతో ఉన్నారని తెలిశాక?”

“తెలిశాక కూడా.”

“ఎవరూ వద్దనలేదా?”

ఆమె గ్లాసు వైపు చూసింది. “అనాల్సినవాళ్ళు ఇంట్లోనే ఉన్నారు. పాపం, చలిలో పని కదా అని ఊరుకున్నారు.”

అమ్మాయి ఆమె భర్త వైపు గుర్రుగా చూసింది. అతను తన చెప్పులు చూసుకున్నాడు.

“కాన్పు ఎక్కడ?”

“ఇంట్లోనే. రాత్రంతా నొప్పులు. తెల్లారేసరికి అంతా అయిపోయింది.”

“పాలిచ్చారా?”

“లేదు. డబ్బా పాలే.”

ఈలోగా పిల్లవాడు నుదుటి మీది చుక్క పీకి, ఆమె నుదుటికి అంటించాడు. “అమ్మా, నీ మొహం కొలవరా?”

“నాది దేనికిరా.”

“నేను నీలాగే ఉన్నానా?”

“ముక్కు అచ్చం అమ్మదే,” అని అమ్మాయి మొదటిసారి నవ్వింది.

“మా ఇంట్లో అందరిదీ అదే ముక్కు,” అంది ఆమె.

అమ్మాయి కలం పక్కన పెట్టింది. అడగకూడని ప్రశ్న ఒకటి నోరు జారింది. “ఇట్లా అవుతుందని ముందే తెలిసుంటే?”

“ఆ రోజే ఈ గ్లాసు గోడకేసి కొట్టేదాన్ని.”

ఆమె కళ్ళు అప్పుడు తడిశాయి. అమ్మాయి వెటకారం ఎటు పోయిందో పోయింది. గ్లాసును తనే రెండు చేతులతో తిరిగి ఇచ్చింది.

“సోమవారం నుంచి పంపించండమ్మా.”

వరండాలో కూర్చున్న ఆడవాళ్ళు ఆమె రాగానే పక్కకు జరిగారు. మధ్యలో తడిక ఒక్కటే. లోపలి మాటలన్నీ వాళ్ళకు వినిపించాయి.

“మొహం చూడు, ఏమీ ఎరగనట్టు,” అంది ఒకామె.

“కన్నతల్లేనా అసలు!” అంది ఇంకొకామె.

భర్త పళ్ళు కొరికాడు. “విన్నావా?”

“విన్నాను. సోమవారం నుంచి వాడికి బడి.”

కుళాయి దగ్గర ఆగి ఆమె గ్లాసు కడిగింది. చిట్లిన అంచు చుట్టూ వేలు తెగకుండా నెమ్మదిగా తుడిచింది.

“పనైపోయిందిగా, ఇక దాన్ని ఇక్కడే పడెయ్,” అన్నాడు భర్త.

“ఉండనీ.”

గ్లాసును తువ్వాల్లో చుట్టి గుండెకు ఆనించుకుంది. రెండో చేత్తో పిల్లవాడి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

చనిపోయిన చెల్లెలు ఆమెకు వదిలి వెళ్ళినవి ఆ రెండే.