ఖాళీ బిందెల నిరసన

టేపు చివరన కట్టిన ఇనుప గుండు బావిలోకి దిగీదిగకముందే బుడుంగుమంది. సుప్రజ కళ్ళజోడు సవరించుకుని లోపలికి తొంగిచూసింది. నీళ్ళు ఒర అంచును తాకుతున్నాయి. వంగితే చేతికందేలా ఉన్నాయి.

తిరువూరు ప్రాంతంలో చినుకు పడి నెలలు దాటింది. ఆ ఊళ్ళో బోర్లన్నీ గాలి కక్కుతున్నాయి. బావికి కూతవేటు దూరంలో కంకర క్వారీ ఉంది. అది బావి అడుగుకన్నా లోతుకు దిగిపోయి ఊరి ఊటలన్నిటినీ తనవైపు లాగేసుకుంటున్నదని ఊరివాళ్ళ అర్జీ. ఆ సంగతి తేల్చడానికి ప్రభుత్వం పంపిన అధికారిణి సుప్రజ. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు పెద్దలు. అందులో రెండో సగాన్ని దేవుడికి వదిలెయ్యకుండా టేపుతో కొలవడమే తన ఉద్యోగమని ఆమె నమ్మకం. అయితే ఈ ఊళ్ళో నీరు పల్లమెరగడం కూడా మానేసినట్టుంది.

"చూశారా మేడమ్!" క్వారీ మేనేజరు వెంకటప్పయ్య పొంగిపోయాడు. "మేం రాయి కొట్టేకొద్దీ ఊట పెరుగుతోందండి. బ్లాస్టింగులకి భూమిలో నరాలు తెరుచుకున్నాయి. అసలు మాకు అవార్డు ఇవ్వాలి."

"కిందటిసారీ ఇదే చెప్పారు."

"కిందటిసారీ నిండే ఉంది కదండీ!"

అదీ నిజమే. ఆమె ఎప్పుడు వచ్చినా ఈ బావి నిండుకుండే. ఈసారి కూడా నీళ్ళున్నాయని రాస్తే అర్జీ కొట్టేస్తారు. క్వారీ లీజు మరో ఇరవై ఏళ్ళు పొడిగిస్తారు.

బావికి అవతలి పక్కన ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో బారులు తీరి నిలబడ్డారు. నినాదాలు లేవు, శాపనార్థాలు లేవు. ఖాళీ బిందెల నిరసనలు ఎన్నో చూసింది గాని, ఇంత క్రమశిక్షణ గల నిరసనను సుప్రజ ఎక్కడా చూడలేదు.

"కొలవడం అయిపోయిందా అమ్మా?" అందరికన్నా ముందున్న జోజమ్మ ఆత్రంగా అడిగింది.

"ఇంకా లేదమ్మా."

"నిమ్మళంగా కానివ్వు తల్లీ. నువ్వొచ్చావంటే మాకు క్రిస్మస్సే!"

ఆ ఎత్తిపొడుపు సుప్రజకు సూటిగా తగిలింది. తల వంచుకుని సీసాలోకి నీళ్ళు ముంచింది. మూత పెట్టబోతూ ఆగింది. గుప్పుమని బ్లీచింగ్ వాసన. పరీక్ష మీటరు ముంచి చూసింది. ఆ నేలలో ఊరే నీళ్ళలో ఉండవలసిన లవణాలు వీటిలో సగమైనా లేవు. చుట్టూ పరికించింది. గట్టు పక్కన మట్టిని ఎవరో చీపురుతో పెళ్ళివారి వాకిలిలా ఊడ్చిపెట్టారు. ఊడ్చినవాడు చక్రాల జాడ చెరిపాడు గాని, ఒర మీద లావుపాటి పైపు ఒరుసుకున్న గీతను మరిచాడు.

అర్జీ పెట్టిన యోసేపు మాస్టారిని ఆమె చాటుగా వేపచెట్టు కిందికి పిలిచింది. ఆయన హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి.

"మాస్టారూ, మీ అర్జీ అక్షరాలా నిజం. అవి ఊట నీళ్ళు కావు. నా నోటీసు అందగానే వీళ్ళు ట్యాంకర్లు తెచ్చి బావి నింపేస్తున్నారు."

"అలాగాండీ!" అన్నారాయన.

పీడనాలూ సాంద్రతలూ బోధించిన మనిషికి ఇంత తేలిక మోసం తట్టకపోవడం ఆమెకు వింతగా తోచింది.

"తనిఖీకి ముందు ఇరుపక్షాలకూ నోటీసివ్వాలన్న నిబంధన వాళ్ళకు కలిసొచ్చింది. పై అధికారులతో మాట్లాడతాను. ఈసారి చెప్పాపెట్టకుండా వచ్చి, ఎండిన బావిని ఫొటో తీసి రిపోర్టు పెడతాను. క్వారీ మూతపడుతుంది."

"మూతపడితే ఊటలు మళ్ళీ ఎప్పటికి వస్తాయమ్మా?"

"వెంటనే రావు. ఏళ్ళు పట్టొచ్చు."

"నా లెక్కా అదే." మాస్టారు తల పంకించారు. "అందుకే, నోటీసు ఇచ్చే రండి."

"అదేంటండీ! మీ మంచికే కదా చెబుతున్నాను."

"నిబంధన నిబంధనే. ఈ అర్జీ కొట్టేస్తే ఏమీ అనుకోను. బావి నీటి రంగు మీద ఇంకోటి పెడతాను. అదీ పోతే రుచి మీద పెడతాను. ప్రతిదానికీ మీరు తనిఖీకి రావాలి. వచ్చే ముందు వాళ్ళకి నోటీసు అందాలి. పోస్టులో వేస్తే ఆలస్యమవుతుందేమో, మనిషి చేత పంపండి."

సుప్రజ నిర్ఘాంతపోయింది. క్వారీ మీద ధర్నాలు చేసి లాఠీదెబ్బలు తిన్న మనిషి ఈయన. క్వారీ సంగతి తరవాత, ముందు ఊరికి రోజుకో ట్యాంకరైనా పంపమని ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. ఆ ట్యాంకరు అర్జీ ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది. అలాంటి మనిషి ఇవాళ క్వారీవాళ్ళకు వకాల్తా పుచ్చుకుంటున్నాడు! దూరాన వెంకటప్పయ్య మాస్టారివైపు చూసి చెయ్యి ఊపాడు. మాస్టారు కూడా మర్యాదగా చెయ్యి ఊపారు. ఆమె అనుమానం కాస్తా రూఢి అయిపోయింది.

"మీరూ అమ్ముడుపోయారన్నమాట!" అంది సుప్రజ. "ఇంత నాటకమాడటానికి వాళ్ళు మీకేం ముట్టజెబుతున్నారు మాస్టారూ?"

యోసేపు మాస్టారు నొచ్చుకోలేదు. బారులు తీరిన బిందెల వంక ఒకసారి చూసి, గొంతు తగ్గించి అన్నారు.

"మీరొచ్చినప్పుడల్లా బావెడు నీళ్ళమ్మా."