బ్యాటరీ నట్టు

"ఒకరోజు ఠక్కున స్టార్టవుతుంది, మర్నాడు చచ్చినా కదలదు. అసలు నీకు పని వచ్చా?" మాస్టారు నామీద విరుచుకుపడ్డారు.

నాకూ ఒళ్లు మండింది. ఈ పాత కారు కోసం వాళ్లింటికి రావడం నెలలో ఇది మూడోసారి. బానెట్ ఎత్తి చూస్తే, మొన్న నేను బిగించిన బ్యాటరీ నట్టు మళ్లీ వదులుగా ఉంది. దానిమీద స్పానర్ గీతలు తాజాగా ఉన్నాయి.

ఎవరి పనో అడుగుదామని తలెత్తాను. మాస్టారి వెనక నిలబడ్డ ఆయన భార్య గ్రీజు అంటిన వేళ్లను గబుక్కున దాచుకున్నారు.

"రేపు మనవరాల్ని బడికి నేనే దింపాలి. త్వరగా కానీ" అంటూ మాస్టారు తాళంచెవిని నా చేతిలో పెడుతున్నట్టే, చాచిన నా అరచేతికి జానెడు దూరంలో వదిలారు. అది నేలమీద పడింది.

"సరిగ్గా పట్టుకోవోయ్!"

"పార్టు పోయింది మాస్టారూ. పాత మోడల్ కదా, దొరకడం కష్టం" అంటూ నట్టు పూర్తిగా విప్పి జేబులో వేసుకున్నాను.