అన్న కారు పక్కన

"నా హెయిర్ డ్రయ్యర్ అబద్ధాలు అంటించడానికి కొన్నది కాదు," అంది అక్మరాల్. అంటూనే తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది.

ఎర్మెక్ దాన్ని కారు మీద పెట్టాడు. వెళ్ళి గేటుకి గడియ పెట్టొచ్చాడు. పట్టపగలు, సొంత వాకిట్లో, సొంత కారు దగ్గర దొంగలా నిలబడాల్సి వచ్చినందుకు అతనికే సిగ్గుగా ఉంది.

కారు కొని పది రోజులైంది. రెండు తలుపుల స్పోర్ట్స్ కారు. తల్గార్ ఊళ్లో అలాంటిది ఇంతవరకూ ఒక్కటే ఉండేది, అది అతని అన్న సాగిండిక్‌ది. ఆ కారుకి ముందు జాలీ మీద, రెండు పక్కలా, వెనక డిక్కీ మీద ఎర్ర బ్యాడ్జీలు మెరుస్తుంటాయి. ఆ కంపెనీవాళ్ళు పెద్ద ఇంజనుకే ఎర్రది పెడతారు, చిన్న ఇంజనుకి తెల్లది. ఈ సంగతి వీధిలో పాలు పోసే ముసలమ్మకి కూడా తెలుసు. సాగిండిక్ చెప్పకుండా వదిలిన మనిషి లేడు మరి.

మధ్యాహ్నం ఆ అన్నే వస్తున్నాడు, తమ్ముడి కొత్త కారు చూడటానికి. వెంట చుట్టాలు పదిహేను మంది. రెండు కార్లూ పక్కపక్కనే నిలబడతాయి.

"అన్న కారు పక్కన ఇది ఇలాగే నిలబడితే నేను తలెత్తుకోలేను," అన్నాడు ఎర్మెక్.

"ఏ ఇంజనని ఫోన్లో అడిగాడుగా. ఏం చెప్పావు?"

"వచ్చి చూడమన్నా."

"ఉన్నదున్నట్టు చెప్తే కొంప మునిగేదా?"

"మునిగేదే."

ముందు పాత బ్యాడ్జీ చుట్టూ కాగితపు టేపు అంటించి హద్దు పెట్టుకున్నాడు. డ్రయ్యర్‌తో వేడి చేశాడు. జిగురు మెత్తబడ్డాక చేపలు పట్టే దారం వెనకనుంచి దూర్చి, రంపం లాగినట్టు అటూ ఇటూ లాగాడు. బ్యాడ్జీ ఊడి అరచేతిలో పడింది. ప్యాంటు జేబులో వేసుకున్నాడు. మిగిలిన జిగురుని బొటనవేలితో ఉండలు చుట్టి తీశాడు, స్పిరిట్‌తో తుడిచాడు. అయినా దాని ఆకారం రంగు మీద లీలగా కనబడుతూనే ఉంది. పాలిష్ పెట్టి అది పోయేదాకా రుద్దాడు. ఇలా నాలుగు చోట్ల. చేతులు పడిపోయాయి.

కొత్తవి నిన్ననే ఆల్మాటీ బజార్లో కొన్నాడు. షాపువాడికి వాటిని వెతికి తీయడానికి పావుగంట పట్టింది. "ఇవేనా?" అని రెండుసార్లు అడిగి, అతని మొహంలోకి వింతగా చూశాడు.

గోడ మీద నుంచి ఒక తల లేచింది. పక్కింటి ఒస్పన్ బాబాయి. ముప్పై ఏళ్ళు టాక్సీ తోలి ఇప్పుడు ఖాళీగా ఉన్నాడు. అందుకని అందరి పనులూ ఆయనవే.

"ఏరా అబ్బాయ్, బజారు బ్యాడ్జీ అంటిస్తే ఇంజను మారుతుందా?"

ఎర్మెక్ చేతిలో కొత్త బ్యాడ్జీల పొట్లం గబుక్కున వెనక్కి దాచాడు. "అబ్బే, ఏం లేదు బాబాయ్. పాతవి ఊడిపోతుంటే..."

"నాలుగూ ఒకేసారి ఊడాయా? పాపం!" పెద్దాయన పకపకా నవ్వాడు. "మీ అన్నని చూసి నేర్చుకోరా. ఉన్నది చూపిస్తాడు, లేనిది అంటించుకోడు."

ఎర్మెక్‌కి తల కొట్టేసినట్టయింది. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. గోడ మీద తల దిగిపోయాక కొత్తవి నాలుగూ అంటించాడు.

నాన్న పోయాక చదివించింది అన్న. పాత జీపులో ఒళ్ళో కూర్చోబెట్టుకుని స్టీరింగ్ పట్టించింది అన్న. పోయిన చలికాలం అన్న ఊళ్లో లేనప్పుడు ఆ ఎర్ర బ్యాడ్జీల కారు మొరాయిస్తే, బానెట్ ఎత్తి బాగుచేసింది ఎర్మెకే. అన్న తిరిగొచ్చి ఏమైందిరా అంటే, బ్యాటరీ అని మాత్రం చెప్పాడు, బానెట్ కింద ఇంకేం చూశాడో చెప్పలేదు. అలాంటి అన్నకి ఇవాళ అబద్ధం చూపించబోతున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

మధ్యాహ్నానికి వాకిలి నిండిపోయింది. లోపల నూనెలో బావుర్సాకులు, గోధుమపిండి ఉండలు, వేగుతున్నాయి. కొత్త వస్తువు చూసినవాళ్ళు దాని యజమానికి బైగాజీ అని ఏదో ఒక కానుక ఇవ్వాలి. అత్త గొర్రెతోలు సీటు కవర్లిచ్చింది. మామ తేనె సీసా ఇచ్చాడు.

సాగిండిక్ కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక్కి వెళ్ళి ఆగాడు. డిక్కీ మీద బొటనవేలు ఆనించి కాసేపు అలాగే నిలబడ్డాడు. ఎర్మెక్ తన బూట్లనే చూసుకుంటున్నాడు.

"రంగు బాగుంది," అన్నాడు అన్న. ఆ మాటతో తమ్ముడి భుజం మీద చెయ్యేసి ఆపిల్ చెట్ల వెనక్కి తీసుకెళ్ళాడు.

"వచ్చినప్పట్నుంచి నా మొహం చూడవు. దేనికిరా అంత సిగ్గు?"

"ఏం లేదన్నా."

"నాకు తెలీదా?" సాగిండిక్ కోటులోంచి చిన్న పొట్లం తీసి తమ్ముడి చేతిలో పెట్టాడు. "నీ బైగాజీ. అందరి ముందూ విప్పకు. నాకు కొన్నప్పుడే రెండు జతలు తీసుకున్నా, ఎప్పటికైనా నువ్వూ ఇలాంటి కారు కొంటావని."

"నీకా?"

"నా కారు మీదున్నవీ ఇవేరా. బజారువే." అన్న చెట్ల సందులోంచి చుట్టాల వైపు ఒకసారి చూశాడు. "మీ వదినకి కూడా తెలీదు. రేపే అంటించుకో. నా తమ్ముడు ఎవరి ముందూ తల దించుకోకూడదు."

పొట్లం విప్పితే నాలుగు ఎర్ర బ్యాడ్జీలు తళుక్కుమన్నాయి.

అన్నని మించకూడదని పొద్దున తన కారుకి ఊడదీసిన నాలుగు అసలు ఎర్ర బ్యాడ్జీలు ఎర్మెక్ జేబులోంచి తొడకి గుచ్చుకున్నాయి.