పాతదంటే పాతదే

"ఇది విమానం కాదండీ, చరిత్ర! ఇవాళే తీసుకుపోండి," అంది ఐలీ, రేవు చెక్కల మీద మ్యూజియం ఆయనకు అడ్డంగా నిలబడి.

పడవల్లాంటి రెండు కాళ్ళేసుకుని పసుపు రంగు బీవర్ విమానం సరస్సు నీళ్ళ మీద ఊగుతోంది. దాన్ని నడిపే కొడుకు రీనో రెక్క కింద నిలబడి నవ్వుతున్నాడు. తల్లి పోరు పడలేక నిన్న మాటిచ్చేశాడు: మ్యూజియం వాళ్ళు పాతదని తీసుకుంటే బీవర్‌ని ఇచ్చేసి, కలప మిల్లులో నేల మీది పనికి పోతానని. అప్పట్నుంచీ ఐలీకి కుదురు లేదు. ఈయన వద్దంటేనో? వద్దన్న మర్నాడే ఆ ఇంజను గాల్లో ఆగితేనో?

"నా పెళ్ళికి ముందునుంచీ ఎగురుతోందండీ. పొయ్యిలు మోసింది, చంపిన దుప్పుల్ని మోసింది, నొప్పులు పడే ఆడవాళ్ళని మోసింది. ఓసారి సరస్సు మీద గడ్డకట్టిన మంచు విరిగి మునిగితే గుర్రాలు కట్టి లాగారు. సిగ్గులేకుండా మళ్ళీ ఎగిరింది!"

"తిడుతున్నావా, పొగుడుతున్నావా అమ్మా?" అంది కూతురు హెల్వి, అందరికీ కాఫీ పోస్తూ. రేవు పక్క కొట్లో చేపల ఎరలు అమ్ముతుంది హెల్వి. ఇదొక్కతైనా నేల మీదుంది, అదే పదివేలు అనుకుంటుంది ఐలీ.

"నువ్వు మాట్లాడకు. గోళ్ళ నిండా ఆ నలుపేంటే?"

"వానపాముల మట్టమ్మా."

"మీ అన్నయ్య చూడు, ఆదివారం ప్రార్థన జరుగుతుంటే చర్చి మీదుగానే ఎగిరాడు. నా గుండె జారి కాళ్ళలో పడింది."

రీనో ఏదో అనబోయి, చెల్లెలి వైపు చూసి, కాఫీ తాగాడు.

మ్యూజియం ఆయన విమానంలో దూరి తడుముతున్నాడు. పీపా మీద కూర్చున్న మెకానిక్ ఓవిలా చుట్టపీక నోట్లోంచి తీయలేదు.

"అన్నా, ఆ తలుపు కిర్రుమంది. మార్చెయ్," అంది ఐలీ.

"దాన్ని మార్చి ఇంకా నెలన్నా కాలేదు చెల్లెమ్మా."

"అయినా మార్చు."

ఇంతలో మ్యూజియం ఆయన చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "ఏమనుకోకండి. ఇది మాకు పనికిరాదు."

"అయ్యో, అంత పాడైపోయిందా?"

"పాడా? ఇందులో పాతదంటూ ఏదండీ? రెక్కలు కొత్తవి, ఇంజను కొత్తది, తోక కొత్తది. పేరు చెక్కిన రేకు ఒక్కటే అప్పటిది. ఎవరండీ ఇదంతా మార్పించింది?"

ఓవిలా చుట్టతో ఐలీ వైపు చూపించాడు. "ఈ తల్లే. ఇది విరుగుతుంది, అది ఊడుతుంది అని నా ప్రాణం తోడేసింది. అరిగేదాకా ఒక్కదాన్నీ ఉండనిచ్చిందా?"

ఐలీ రేవు మీదే చతికిలబడింది. తన భయమే తన కొంప ముంచిందన్నమాట!

"మరి విప్పిన పాతవన్నీ పారేశారా?" అడిగాడు మ్యూజియం ఆయన ఆశగా.

"పారేయడమా? ఇక్కడ వంకర మేకు కూడా పారేయం. అన్నీ గట్టి సరుకే, చెడకముందే విప్పాం కదా. బిగిస్తే ఇంకో బీవర్..." అంటూనే ఓవిలా నాలిక్కరుచుకున్నాడు.

ఐలీ చటుక్కున లేచింది. "విన్నావా రీనో? అదే అసలు బీవర్! ఈయన దాన్ని తీసుకుపోతాడు, నువ్వు మిల్లుకు పో. మాటంటే మాటే!"

"మహద్భాగ్యం!" అన్నాడు మ్యూజియం ఆయన. "ఎక్కడుంది ఆ సామాను?"

ఓవిలా నీళ్ళకేసి చూశాడు. రీనో ఆకాశంకేసి చూశాడు.

హెల్వి కాఫీ కూజా కింద పెట్టి, నల్లటి గోళ్ళు వెనక్కి దాచుకుంది. "అది కుదరదమ్మా. ఆదివారం చర్చి మీదుగా ఎగిరింది అదే. నడిపింది అన్నయ్య కాదు... నేను."